ఆకాశచిత్రాలు చదివిన కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్

ముప్పయివేల అడుగుల ఎత్తున ఎగిరే విమానంనుంచి నేలను ఛాయాచిత్రం తీస్తే అందులో ఇల్లు ఆవగింజంత ఉంటుంది. రైలుబండి చీమలబారువలె కనబడుతుంది. మనిషి కనిపించనే కనిపించడు. అట్టి చిత్రం ఎంత స్పష్టంగా వచ్చినా అలవాటులేని కంటికి అది ఒక బూడిదరంగు కాగితమే. 1943 నవంబరులో ఇంగ్లండులోని ఒక భవనంలో ముప్పయ్యొక్క ఏండ్ల స్త్రీ అటువంటి కాగితం ముందు కూర్చుండి, అందులో మిల్లీమీటరు కూడా లేని ఒక తెల్లని మచ్చను పట్టుకున్నది. ఆ చిత్రం అప్పటికి అయిదు నెలల క్రిందట తీసినది. ఎందరో చూసి పక్కన పెట్టినది. ఆమె కూడా ఒకమారు చూసినదే. ఆ మచ్చ ఏమిటో తెలిసిన తరువాత యుద్ధంలో ఒక అధ్యాయమే మారిపోయింది.

ఆమె పేరు కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్. 1912 అక్టోబరు 15న ఇంగ్లండులో జన్మించింది. తండ్రి సర్ హెన్రీ బాబింగ్టన్ స్మిత్ బ్రిటిషు ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాలు నడిపిన ఉన్నతోద్యోగి. ఆయనకు మన దేశంతో సంబంధమున్నది. 1894 మొదలు 1899 వరకు భారతదేశానికి వైస్రాయిగా ఉండిన ఎల్గిన్ ప్రభువునకు ఆయన ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేశాడు. ఆ ఎల్గిన్ కుమార్తె ఎలిజబెత్తునే వివాహమాడినాడు. వారికి కలిగిన తొమ్మండుగురు సంతానంలో కాన్‌స్టన్స్ ఒకతె. అంటే, మన తాతల కాలంలో సిమ్లా కొండమీద కొలువుతీర్చిన వైస్రాయికి ఈమె దౌహిత్రి.

సంపన్న కుటుంబాల బాలికలవలె ఆమె చదువు ఇంటివద్దనే జరిగింది. విశ్వవిద్యాలయపు పట్టము లేదు. యౌవనంలో లండను చేరి, నాగరిక స్త్రీలకు టోపీలు తయారుచేసే దుకాణంలో పని నేర్చుకున్నది. అక్కడితో ఆగిపోతే ఆమె పేరు ఎవరికీ తెలియకపోను. కాని ఆమెకు మరొక వ్యసనముండేది. మోటారు పందేలకు, విమానాలకు ప్రసిద్ధికెక్కిన బ్రూక్లండ్స్ మైదానం వారి ప్రాంతానికి దగ్గరలోనిదే. అక్కడ ఎగిరే విమానాలను చూసి చూసి ఆమెకు వాటి ఆకారాలు కంఠస్థమైనాయి. పాఠం వల్లించిన పిల్లలకు పద్యం ఎక్కడ మొదలుపెట్టినా తక్కినది నోటికి వచ్చినట్లు, రెక్క కొస చూస్తే విమానం పేరు చెప్పగల నేర్పు అలవడింది. క్రమంగా ఏరోప్లేన్ అనే పత్రికకు వ్యాసాలు వ్రాయసాగింది. విమానాలను గురించి స్త్రీ వ్రాయడం ఆ రోజుల్లో వింతగానే ఉండేది. టోపీల అంచుల వంపులు దిద్దిన కన్నే రెక్కల అంచుల వంపులను కూడా గుర్తుపట్టిందని తరువాత కొందరు హాస్యమాడినారుగాని, హాస్యంలో కొంత నిజం లేకపోలేదు. ఆకారాన్ని ఆకారంగా చూడగలగడం రెండు విద్యలకూ మూలమే.

1939లో యుద్ధం వచ్చింది. ఆకాశంనుంచి శత్రుదేశపు ఫోటోలు తీయడం మొదటి ప్రపంచయుద్ధంనాటినుంచీ ఉన్నదే. కాని తుపాకులు మోసుకుని నెమ్మదిగా పోయే బరువైన విమానాలను ఆ పనికి పంపితే అవి తిరిగివచ్చే ఆశ తక్కువ. మారిస్ లాంగ్‌బాటమ్ అనే యువ అధికారి ఆ సంవత్సరమే ఒక ఆలోచన చెప్పాడు. తుపాకులు తీసివేసి, ఆ బరువుకు బదులు పెట్రోలు, కెమెరాలు పెట్టి, వేగంగా పోయే చిన్న విమానాన్ని ఒంటరిగా చాలా ఎత్తున పంపాలని ఆయన సూచన. ఆస్ట్రేలియాలో పుట్టిన సిడ్నీ కాటన్ అనే సాహసి దానిని ఆచరణలో పెట్టాడు. ఆయుధం లేని స్పిట్‌ఫయరు విమానాలు ఆకాశపు రంగు పూసుకుని జర్మనీమీదికి వెళ్లి రాసాగినవి. చంపడానికి ఏమీ పట్టుకుపోకుండా, చూచిరావడానికే శత్రువు ఇంటిమీద గంటలతరబడి ఒంటరిగా ఎగిరిన ఆ వైమానికుల ధైర్యం గొప్పది. వారిలో తిరిగిరానివారు అనేకులు.

అయితే తెచ్చిన ఫోటోలను ఎవరు చదవాలి? ఈ ప్రశ్న చాలామందికి తోచలేదు. ఫోటో తీస్తే చాలును, కనబడవలసినది దానంతట అదే కనబడుతుందని సేనాధికారులలో పలువురి అభిప్రాయం. లండను శివారు వెంబ్లీలో విమానచిత్రాలనుంచి దేశపటాలు తయారుచేసే ఒక ప్రయివేటు సంస్థ ఉండేది. స్విట్జర్లండు దేశపు విల్డ్ కొలతయంత్రం వారివద్ద ఉన్నది. కాటన్ ఆ సంస్థను ఆశ్రయించాడు. అక్కడ పనిచేసిన మైకేల్ స్పెండర్ సామాన్యుడు కాడు. 1935లో ఎవరెస్టు శిఖరపు పరిసరాలను పరిశీలించడానికి వెళ్లిన బ్రిటిషు బృందంలో సర్వేపని చేసినవాడాయన. హిమాలయపు మంచుగోడలను కొలిచిన చేతితోనే శత్రువుల రేవులను, ఓడలను కొలవడం మొదలుపెట్టాడు. 1940లో స్త్రీల సహాయక వైమానిక దళంలో చేరిన కాన్‌స్టన్స్‌ను ఈ వెంబ్లీకే పంపినారు. ఆమె విమానాల పరిజ్ఞానం అక్కడివారికి త్వరలోనే తెలిసివచ్చింది.

1941 ఏప్రిలులో ఈ శాఖ మొత్తం థేమ్సు నది ఒడ్డున మెడ్మనం గ్రామంవద్దగల డేన్స్‌ఫీల్డ్ అనే భవంతికి మారింది. తెల్లని సున్నపురాయి కట్టడం. పైన వింత వింత పొగగొట్టాలు, చుట్టూ తోట. ఆ భవంతిలోను, దాని ఆవరణలో వేసిన షెడ్డులలోను యుద్ధాంతానికి పదిహేడువందలమందికి పైగా పనిచేసేవారు. సైనికులకన్న పండితులు, కళాకారులు ఎక్కువ. ప్రధానమంత్రి చర్చిల్ కుమార్తె, నటి అయిన సేరా అక్కడ ఉద్యోగి. పురాతత్త్వవేత్తలు డొరోతీ గారడ్, గ్లిన్ డేనియల్, స్టూవర్ట్ పిగట్ అక్కడివారే. నేలలో పూడిపోయిన ప్రాచీన గ్రామాల ఆనవాళ్లను విమానచిత్రాలలో వెదికే అలవాటు పురాతత్త్వవేత్తలకు ముందునుంచీ ఉన్నది. వీరిలో డేనియల్, పిగట్ ఇద్దరూ తరువాత ఇదే పనిమీద భారతదేశానికి వచ్చారు. పిగట్ ఇక్కడ గడించిన అనుభవంతో మన దేశపు చరిత్రపూర్వయుగాన్ని గూర్చి 1950లో గ్రంథం వెలువరించాడు.

ఈ విద్య ఎట్టిదో కొంచెం చెప్పడం అవసరం.

విమానం ఒకే దారిన పోతుండగా కెమెరా నియమిత కాలానికొకసారి ఫోటో తీస్తుంది. ఒక ఫోటోలోని నేలలో సగానికి పైగా తరువాతి ఫోటోలో కూడా పడేటట్లు ఏర్పాటు చేస్తారు. రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి స్టీరియోస్కోపు అనే జంట అద్దాలగుండా చూస్తే, ఒక్కొక్క కన్ను ఒక్కొక్క చిత్రాన్ని చూడడంవల్ల, బల్లపరుపుగా ఉన్న కాగితంనుంచి ఇండ్లు, చెట్లు, గొట్టాలు లేచి నిలబడతాయి. మన రెండు కండ్ల మధ్యగల దూరం కొద్ది అంగుళాలే. ఇక్కడ ఆ దూరం రెండు ఫోటోల నడుమ విమానం పోయినంత. అందువల్ల ఎత్తులు ఉన్నవాటికంటె ఎక్కువగా కనబడతాయి. రాక్షసుని కన్నులతో చూచినట్లన్నమాట.

నీడ మరొక సాధనం. పైనుంచి చూస్తే విమానపు రెక్కలు, తోక తెలుస్తాయి. దాని ఎత్తు, పక్కవాటు తెలియవు. ఎండలో నేలమీద పడిన నీడ ఆ లోటు తీరుస్తుంది. కాగితాన్ని నీడలు తనవైపుకు పడేటట్లు తిప్పి పెట్టుకోవాలి. తలక్రిందులుగా పెడితే గుంట గుట్టగాను, గుట్ట గుంటగాను కనబడి మోసపుచ్చుతుంది. బడిలో ఎవరైనా పరీక్షించి చూడవచ్చును.

చోటును గుర్తించడానికి రైలుదారుల మలుపులు, నదుల వంపులు, సముద్రతీరపు అంచు ఆధారాలు. ఊరి పేరు ఫోటోలో వ్రాసి ఉండదు. ఏ పటంలోని ఏ వంపుతో ఆ వంపు సరిపోతుందో వెదకవలసినదే. విమానాన్ని గుర్తించడానికి కొలత ముఖ్యం. విమానం ఎగిరిన ఎత్తు, కెమెరా అద్దపు నాభ్యంతరం తెలిస్తే చిత్రపు పరిమాణం తేలుతుంది. ముప్పయివేల అడుగుల ఎత్తున ముప్పయ్యారు అంగుళాల నాభ్యంతరంగల కెమెరా వాడితే చిత్రంలోని ఒక అంగుళం నేలమీద పదివేల అంగుళాలు. ఆ లెక్కను ఇరవై అడుగుల రెక్క చిత్రంలో ఆరు పదుల వంతుల మిల్లీమీటరు. ఇంత చిన్న గీత పొడవు సరిగా కొలిస్తేనే ఇది ఫలానా యుద్ధవిమానం, ఇది బాంబరు అని వేరుచేయడం సాధ్యం. కాన్‌స్టన్స్ ఇందుకు వాడిన భూతద్దం లైట్జ్ కంపెనీది. అది జర్మను కంపెనీ కావడం విధివిలాసం.

మెడ్మనంలో పని మూడంచెలుగా సాగేది. విమానం దిగిన చోటనే మొదట ఒకమారు చూసి అత్యవసరమైన వార్తలు పంపేవారు. ఒక్క రోజులోపల రెండవ పరిశీలన. మూడవది నింపాదిగా, లోతుగా నిపుణులు చేసేది. ఈ నిపుణులలో రేవులకు ఒక విభాగం, రైళ్లకు ఒకటి, ఫ్యాక్టరీలకు ఒకటి. విమానాలకు, వాటి నిర్మాణశాలలకు చెందిన విభాగాన్ని ఏర్పాటుచేసి నడిపే భారం కాన్‌స్టన్స్‌పైన పడింది. ఏ కర్మాగారంనుంచి ఎన్ని విమానాలు బయటికి వస్తున్నవి, ఏ మైదానంలో కొత్త రకం నిలిచి ఉన్నది అనే వివరాలు ఆమె నివేదికలనుంచే సైన్యానికి తెలిసేవి. జెట్ ఇంజన్ల వేడికి మైదానపు గడ్డి మాడి ఏర్పడిన నల్లని చారలుకూడా ఆమె విభాగానికి సాక్ష్యాలైనవి. తోటి అధికారులు పురుషులు. వారిలో విమానాలు నడిపినవారున్నారు. టోపీల దుకాణంనుంచి వచ్చిన యువతి మాట చెల్లుబాటు కావడానికి ఆమె సమర్థత తప్ప వేరే సిఫారసు లేదు. ఆమె సోదరుడు బెర్నార్డు కూడా మెడ్మనంలోనే రాత్రిపూట తీసిన చిత్రాల పరిశోధనలో ఉండేవాడు.

బాల్టిక్ సముద్రతీరాన, యూసెడోమ్ దీవి ఉత్తరపు కొసన పేనముండే అనే పల్లె ఉన్నది. 1942 మే 15న డి. డబ్ల్యు. స్టీవెంటన్ అనే వైమానికుడు మరొక రేవును ఫోటో తీయడానికి పోతూ, క్రింద కొత్త విమానాశ్రయం కనబడితే కెమెరా మీట నొక్కాడు. ఆ చిత్రాలు మెడ్మనం చేరినవి. వాటిలో అడవి మధ్య గుండ్రని పెద్ద మట్టికట్టలున్నవి. కాన్‌స్టన్స్ వాటిని చూసింది. చూసి, తన విభాగానికి చెందినవి కావని పక్కన పెట్టింది. ఇతరులకూ వాటి సంగతి తెలియలేదు. చిత్రాలు భాండాగారానికి పోయినవి. ఈ పొరపాటును ఆమె తరువాత తన గ్రంథంలో దాచకుండా చెప్పుకున్నది. గొప్పవారి జీవితచరిత్రలలో ఇట్టి ఘట్టాలను రచయితలు సాధారణంగా విడిచిపెడతారు. ఆమె విడిచిపెట్టలేదు.

1943 ఆరంభంలో జర్మనులు రాకెట్లు తయారుచేస్తున్నారని వార్తలు రాసాగినవి. అప్పుడు పాత చిత్రాలను తిరిగి బయటికి తీశారు, కొత్తవి తీయించారు. ఆ జూనులో వైజ్ఞానిక గూఢచర్యాధికారి ఆర్. వి. జోన్స్ పేనముండే చిత్రమొకదానిలో రైలుపెట్టెమీద ఉన్న రాకెట్టును గుర్తించాడు. మెడ్మనంవారి కండ్లకు అది ముందుగా పట్టుబడలేదు. జూన్ 23న తీసిన చిత్రాలు మిక్కిలి స్పష్టంగా వచ్చినవి. వాటిలో తోకలేని నాలుగు చిన్న విమానాలను కాన్‌స్టన్స్ కనుగొన్నది. రెక్కల పొడవు ముప్పయి అడుగులు కనుక పేనముండే ముప్పయి అని వాటికి తాత్కాలికంగా పేరు పెట్టింది. రాకెట్ ఇంజనుతో ఎగిరే మెసర్‌ష్మిట్ 163 అనే యుద్ధవిమానం అదే.

ఆగస్టు 17 రాత్రి బ్రిటిషు బాంబర్లు దాదాపు ఆరువందలు పేనముండేమీద విరుచుకుపడినవి. నలభై తిరిగిరాలేదు. జర్మనుల పని కొంత వెనుకబడింది. కాని బాంబులు కొన్ని గురితప్పి, నిర్బంధంగా పనిచేయడానికి ఇతర దేశాలనుంచి తెచ్చిన కూలీల శిబిరంమీద పడగా వందలమంది మరణించారు. ఆరు మైళ్ల ఎత్తునుంచి తీసిన చిత్రంలో శిబిరం వరుసలు కనిపిస్తాయి. లోపల పడుకున్నవారు ఎవరో కనిపించదు.

అంతలో ఫ్రాన్సునుంచి వేరొక వార్త వచ్చింది. మిషెల్ హొలార్ అనే దేశభక్తుని రహస్యబృందం అబ్బెవిల్ సమీపాన బువా కారే అడవిలో వింత కట్టడాలు లేస్తున్నవని, వాటి నక్షాతో సహా లండనుకు చేరవేసింది. నవంబరు 3న విమానాలు వెళ్లి ఫోటోలు తెచ్చినవి. మంచుమీద జారడానికి కాళ్లకు కట్టుకునే స్కీపలకను పక్కకు పడవేసినట్లు, పొడవుగా ఉండి ఒక కొన వంగిన భవనాలు అందులో కనబడినవి. ప్రతి చోటా ఒక చదరపు ఇల్లు, దాని వాకిలి చూపే దిక్కుననే ఏటవాలు వేదిక. ఆ దిక్కు గీత పొడిగిస్తే లండను తగులుతున్నది. వెదికినకొద్దీ ఉత్తర ఫ్రాన్సులో అటువంటి స్థలాలు బయటపడినవి. చివరకు లెక్క తొంబదియారుకు చేరింది. వీటినుంచి ఏది ఎగురుతుంది? రాకెట్టా, మరేదైనానా? పండితులలోనే రెండు పక్షాలు ఏర్పడినవి.

మెడ్మనంలో ఈ పరిశోధనకు పెద్ద అయిన డగ్లస్ కెండల్ కాన్‌స్టన్స్‌ను పిలిచి, యుద్ధవిమానంకన్న చాలా చిన్నదైన, పైలటు లేని విమానమేదైనా పేనముండేలో ఉన్నదేమో చూడమన్నాడు. ఆమె కొత్త చిత్రాలకోసం కాచుకోలేదు. జూనులో తీసినవి శ్రేష్ఠమైనవని ఆమెకు జ్ఞాపకమున్నది. వాటినే మరల బల్లమీద పరచుకున్నది. జెట్ ఇంజన్లు పరీక్షించడానికి కట్టినదని తాను అనుమానించిన ఒక భవనం పక్కన, చిన్న ఆవరణ మూలలో, సిలువ ఆకారపు చిన్న మచ్చ. కొలిచింది. రెక్కల పొడవు సుమారు ఇరవై అడుగులు. పేనముండే ఇరవై అని పేరు వ్రాసుకున్నది.

మొదట చూసినప్పుడు ఇది ఎందుకు కనబడలేదు? కన్ను ఎరిగినదానినే చూస్తుంది. విమానమంటే ఇంత ఉండాలని కంటికి ఒక కొలత అలవాటై ఉంటుంది. ఆ కొలతకు లోపలిది ఎదుటనే ఉన్నా చెత్తగానో, కాగితంమీది మరకగానో తోస్తుంది. వెదకవలసినదేదో చెప్పినవాడు కెండల్. చెప్పిన తరువాత కనుగొనగలిగిన కన్ను ఆమెది.

విమానం దొరికింది. అది ఎట్లా పైకి లేస్తుందో ఇంకా తేలలేదు. కాన్‌స్టన్స్ విమానాశ్రయపు హద్దు దాటి సముద్రపు ఒడ్డువరకు అంగుళమంగుళం వెదకింది. అక్కడ నీటివైపు ముఖంచేసిన కొన్ని నిర్మాణాలున్నవి. తీరాన పూడిక పనులు సాగుతున్నందున అవి ఆ పనికి సంబంధించిన యంత్రాలని అదివరకు మరొక విభాగం వారు నిర్ణయించి ఉండిరి. ఆమెకు ఆ నిర్ణయం రుచించలేదు. ఒకదానిలో ఏటవాలుగా పైకి లేచే పట్టాలున్నవి. వాటి కొస సముద్రంవైపు. పూడిక తీసే యంత్రానికి ఆకాశంవైపు చూసే పట్టాలెందుకు? ఆమె కెండల్‌కు చూపింది. ఫ్రాన్సులోని వేదికలను రోజూ చూస్తున్న ఆయనకు క్షణంలో అర్థమైపోయింది.

సరిగా ఆ దినాలలోనే, నవంబరు 28న, జాన్ మెరిఫీల్డ్ అనే వైమానికుడు మస్కిటో విమానంలో బెర్లిన్ చిత్రాలు తీయడానికి బయలుదేరాడు. బెర్లిన్‌మీద దట్టంగా మేఘాలు కమ్మి ఉన్నవి. వట్టిచేతులతో మరలక బాల్టిక్ తీరానికి పోయి పేనముండే ప్రాంతాన్ని ఫోటో తీసుకువచ్చాడు. ఆ చిత్రాలు కాన్‌స్టన్స్ బల్లమీదికి వచ్చినవి. డిసెంబరు 1న ఆమె వాటిలో అదే ఏటవాలు వేదికను చూసింది. ఈసారి దానిమీద, ఎగరడానికి సిద్ధంగా, ఆ చిన్న సిలువ ఆకారం ఉన్నది. అదే పరంపరలో సమీపాన జెంపిన్‌వద్ద తీసిన చిత్రాలలో, ఫ్రాన్సు అడవులలో కనిపించిన భవనాలకు తోబుట్టువులవంటివి కనబడినవి. పేనముండే, జెంపిన్, బువా కారే అనే మూడు చోట్లను కలిపే గీత పూర్తి అయింది. ఫ్రాన్సు స్థలాలు పైలటు లేని విమానాలను లండనుమీదికి వదలడానికే అని ఇక సందేహం లేకపోయింది. అదే సమయంలో జోన్స్ వర్గంవారు, జర్మన్ రాడారు దళం ఈ ఆయుధపు పరీక్షలను గురించి పంపుకునే రహస్య సందేశాలనుంచి వేరే దారిన ఇదే నిర్ణయానికి వస్తూ ఉండిరి. కనుక ఈ కీర్తినంతటినీ ఒక్కరికే కట్టబెట్టడం న్యాయం కాదు. చందా వేసుకుని కట్టిన చెరువువంటిది ఇది. అయితే ఆ వస్తువును మొట్టమొదట కంటితో చూసి చూపినది మాత్రం కాన్‌స్టన్సే.

డిసెంబరునుంచి ఆ స్థలాలమీద బాంబుల వర్షం కురిసింది. 1944 వసంతానికి వాటిలో అధికభాగం పనికిరాకుండా పోయినవి. జర్మనులు ఊరకుండలేదు. పొడవు భవనాలు మానివేసి, అతి తక్కువ కట్టడాలతో, పల్లె ఇండ్ల చాటున దాగే కొత్త స్థలాలు సిద్ధంచేశారు. పైనుంచి వాటిని పట్టడం చాలా కష్టమైంది. నార్మండీలో మిత్రసేనలు దిగిన వారానికి, 1944 జూన్ 13న, మొదటి ఎగిరే బాంబు లండనులో పడింది. ఇదే వి-1. గంటకు సుమారు నాలుగువందల మైళ్ల వేగంతో వచ్చి, ఇంజను శబ్దం ఆగిపోగానే నేలకు దూకే ఈ యంత్రంవల్ల ఆరువేలమందికి పైగా మరణించారు. కనుగొన్నంతమాత్రాన అపాయం తప్పిపోలేదు. కాని కనుగొనకపోయినట్లయితే ఆ దెబ్బ ఆరు నెలలముందే, సేనలు రేవుల్లో గుమిగూడుతున్న సమయాననే పడి ఉండేది. మొదటి స్థలాలు బాగుపడనీయకుండా చేయడంవల్లనూ, తీరాన ఫిరంగులు, వేగపు విమానాలు ముందుగా సిద్ధమై ఉండడంవల్లనూ నష్టం ఎంతో తగ్గిందని చరిత్రకారుల అభిప్రాయం.

యూరపులో యుద్ధం ముగిసిన వెంటనే ఆమెను అమెరికా పంపినారు. అక్కడ పసిఫిక్ యుద్ధానికి సంబంధించిన చిత్రాల పని. బ్రిటిషు ప్రభుత్వం ఎం.బి.ఇ. బిరుదమిచ్చింది. అమెరికా వారు లీజియన్ ఆఫ్ మెరిట్ పతకమిచ్చారు. తరువాత కొన్నేండ్లు లైఫ్ పత్రికకు పరిశోధకురాలిగా పనిచేసి, కేంబ్రిడ్జిలో స్థిరపడి రచనావ్యాసంగంలో దిగింది. యుద్ధకాలపు రహస్యాలు కొంతవరకు సడలించిన తరువాత, మెడ్మనం చరిత్రను 1957-58 సంవత్సరాలలో ఎవిడెన్స్ ఇన్ కెమెరా అనే గ్రంథంగా వెలువరించింది. అమెరికాలో దాని పేరు ఎయిర్ స్పై. తన్ను గురించికంటె తోడివారిని గురించే అందులో ఎక్కువ వ్రాసింది. 1965లో ఈ కథాంశంతో ఆపరేషన్ క్రాస్‌బో అనే చలనచిత్రం వచ్చింది. సిల్వియా సిమ్స్ అనే నటి కాన్‌స్టన్స్ పాత్ర ధరించింది. తెరమీద తుపాకులకు, పేలుళ్లకు దక్కిన చోటు భూతద్దానికి దక్కకపోవడం సహజమే.

తక్కిన జీవితమంతా ఆమె ఇతరుల జీవితాలు వ్రాస్తూ గడిపింది. ఒంటరిగా ఆస్ట్రేలియాకు విమానం నడిపి, 1941లో థేమ్సు సాగరసంగమంలో అదృశ్యమైన ఏమీ జాన్సన్ చరిత్ర 1967లో వ్రాసింది. తనకు దూరపు బంధువైన నవలాకారిణి రోజ్ మెకాలే లేఖలను సంపాదించి ప్రకటించి, 1972లో ఆమె జీవితచరిత్రనూ వెలువరించింది. కవి మేస్‌ఫీల్డును గురించి 1978లో మరొకటి. దినచర్యలు, ఉత్తరాలు, జ్ఞాపకాలు ముందు పోసుకుని, ఏ తేదీ ఏ ఊరిదో, ఏ మాట ఎవరినుద్దేశించినదో ఓపికగా సరిచూసుకోవడం పాత ఫోటోలు చదవడానికి దగ్గరి పనే. అవివాహితగానే జీవించింది. గ్రీకు ఆర్థొడాక్సు క్రైస్తవ సంప్రదాయాన్ని స్వీకరించింది. 2000 జూలై 31న, ఎనభై ఏడవయేట, కన్నుమూసింది.

మెడ్మనంలో పోగుపడిన లక్షలాది చిత్రాలు యుద్ధానంతరం చాలాకాలం కీల్ విశ్వవిద్యాలయంలో ఉండి, 2008లో ఎడింబరోలోని జాతీయ విమానచిత్ర భాండాగారానికి చేరినవి. వాటిని ఇప్పుడు అడిగేవారిలో చరిత్రకారులేకాక, జర్మనీలో కొత్త ఇండ్లకు, రోడ్లకు పునాదులు త్రవ్వబోయేవారు కూడా ఉన్నారు. నాడు పడి పేలని బాంబులు ఆ దేశపు నేలలో ఇంకా మిగిలి ఉన్నవి. బాంబు పేలినచోట పెద్ద గొయ్యి ఏర్పడుతుంది. పేలకుండా దిగబడినచోట చిన్న బొక్క మాత్రమే. దాడి జరిగిన మరునాడు తీసిన పాత చిత్రాన్ని స్టీరియోస్కోపు క్రింద పెట్టుకుని, నీడలు తమవైపు తిప్పుకుని, ఆ చిన్న నల్లచుక్కకోసం వారు వెదకుతూ ఉంటారు.